అగ్నిపర్వతాల ఊపిరిని తూచినవారు

అగ్నిపర్వతం అనగానే మన కన్నులకు కట్టేది ఎర్రని లావా ప్రవాహం. కాని ఆ లావాను భూగర్భం నుండి పైకి తెచ్చే శక్తి చాలవరకు దానిలో కరిగి ఉన్న వాయువులది. గోలీసోడా సీసాలో గోలీ బిగిసి ఉన్నంతసేపు లోపలి వాయువు నీటిలో కరిగి, కంటికి కనబడక ఉంటుంది. గోలీని లోపలికి నొక్కినంతనే బుడగలై, నురుగై, నీటిని కూడా వెంటబెట్టుకొని పైకి చిమ్ముతుంది. భూమిలో కొన్ని మైళ్ళ లోతున కరిగి ఉన్న శిలాద్రవానికి జరిగేదీ ఇంచుమించు ఇదే. అది పైకి వచ్చిన కొలదీ మీది బరువు తగ్గి, అందులోని నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, గంధక వాయువులు బుడగలుగా విడివడతవి. కనుక కొండ విడుస్తున్న ఊపిరిలో ఏమేమి ఉన్నవి, అది ఎంత ఉన్నది అన్న రెండు ప్రశ్నలకు సమాధానం దొరికితే, లోపల జరుగుతున్నదేమిటో కొంతవరకు గ్రహించవచ్చును. ఈ రెండు సమాధానాల కోసం మనుష్యులు పడిన శ్రమ, చేసిన సాహసం ఒక చరిత్ర.

క్రీ. శ. 79లో వెసూవియస్ బద్దలైనపుడు రోమన్ పండితుడు ప్లినీ సముద్రతీరాన మరణించినాడు. దట్టమైన ధూమం ఆయన శ్వాసను అడ్డగించి ఉండవచ్చునని మేనల్లుడు తన లేఖలో వ్రాసినాడు. అనంతరం అనేక శతాబ్దాల పాటు అగ్నిపర్వతాల వాయువు మనుష్యులకు భయకారణమే గాని పరిశోధనాంశం కాలేదు. 1846లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు బున్సెన్ ఐస్‌లాండు వెళ్ళి అక్కడి వాయువులను పరీక్షించినాడు. మన కళాశాలల ప్రయోగశాలలలోని బున్సెన్ దీపం ఈయన పేరుననే వెలసినది. తరువాతి దశాబ్దంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సెంట్ క్లేర్ డెవిల్ వెసూవియస్ మీద ఇట్టి పనినే సాగించినాడు. కాని పగుళ్ళలో పట్టిన ఆవిరులలో మామూలు గాలి, వాననీరు కలిసి ఉండే అవకాశం ఎక్కువ. లావా నుండి నేరుగా వెలువడే వాయువు స్వరూపం ఏమిటన్నది తేలలేదు.

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఈ విషయమై పెద్ద వివాదమే చెలరేగినది. అగ్నిపర్వతాల ఊపిరిలో సహజంగా నీటి ఆవిరి ఉండదని, ఉన్నట్లు కనిపించేదంతా బయటి నీరేనని జెనీవా శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బ్రన్ వాదించినాడు. దీనిని తేల్చవలెనంటే గాలి కలియక ముందే వాయువును పట్టవలెను. అమెరికాలోని కార్నెగీ సంస్థకు చెందిన ఆర్థర్ డే, షెపర్డ్ అనే ఇద్దరు 1912లో హవాయి ద్వీపంలోని కిలవేయా పర్వతానికి వెళ్ళినారు. ఆ పర్వతం మీద ఎల్లప్పుడు లావా మరుగుతూ ఉండిన బిలం పేరు హలేమౌమౌ. మే నెలలో వారు ఆ బిలం అడుగునకు దిగినారు. అక్కడ గట్టిపడిన లావా ఒక చిన్న గుమ్మటంవలె లేచి ఉండగా, దాని పగులులో ఒక గొట్టాన్ని దూర్చి, వెనుక గాజు గొట్టాలను వరుసగా అమర్చి, పంపుతో వాయువును లాగినారు. క్రింద లావా వేడిమి సుమారు 1000 సెంటిగ్రేడు డిగ్రీలు. గాజు గొట్టాలలో నీరు కూడినది. బ్రన్ వాదం నిలువలేదు. నేడు చాలా అగ్నిపర్వతాల వాయువులో నీటి ఆవిరిదే అగ్రస్థానమని మనకు తెలుసు.

మొదటి ప్రశ్నకు ఆ విధంగా సమాధానం దొరికినది. రెండవ ప్రశ్న మాత్రం మిగిలినది. సీసాలో పట్టిన వాయువు ఏమేమి ఉన్నదో చెప్పగలదు గాని, కొండ మొత్తం రోజుకు ఎన్ని టన్నులు విడుస్తున్నదో చెప్పలేదు.

ఆ సమాధానం అనుకోని దిక్కునుండి వచ్చినది. ఫ్యాక్టరీ పొగగొట్టాల కల్మషాన్ని దూరం నుండి కొలవడానికి కెనడాలో కోస్పెక్ అనే యంత్రాన్ని నిర్మించినారు. సల్ఫర్ డయాక్సైడ్ అనే గంధక వాయువు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలలో కొన్నింటిని మింగివేస్తుంది. పొగ మేఘం గుండా వచ్చిన కాంతిలో ఆ కిరణాలు ఎంత తగ్గినవో చూస్తే, మేఘంలో ఆ వాయువు ఎంత ఉన్నదో తెలుస్తుంది. నీటి ఆవిరిని, బొగ్గుపులుసు వాయువును ఇట్లు కొలవడం కష్టం, ఏలయన అవి మామూలు గాలిలోనే విస్తారంగా ఉన్నవి. గంధక వాయువు గాలిలో బహు స్వల్పం కనుక, కనిపించినదంతా కొండదే అనుకోవచ్చును. కారులోగాని విమానంలోగాని యంత్రాన్ని ఉంచుకొని మేఘం క్రిందుగా ఒక అంచు నుండి మరొక అంచుకు పోయి, వచ్చిన మొత్తాన్ని గాలి వేగంతో హెచ్చవేస్తే చాలును. కాలువ అడ్డుకొలతను నీటి వేగంతో హెచ్చవేసి ప్రవాహాన్ని లెక్కకట్టే పద్ధతియే ఇది. 1970 తరువాతి తొలి సంవత్సరాలలోనే ఈ యంత్రం జపాను, మధ్య అమెరికాల అగ్నిపర్వతాల వద్దకు చేరినది.

దాని విలువ లోకానికి బోధపడినది 1991లో. ఫిలిప్పైన్సులోని లూజాన్ ద్వీపంలో పినటూబో అనే కొండ సుమారు 500 ఏండ్లుగా నిద్రలో ఉండినది. దాని వాలులలో, పరిసరాలలో వేలాది కుటుంబాలు కాపురముండేవి. ఆ ఏప్రిల్‌లో కొండ మీద ఆవిరి ప్రేలుళ్ళు ఆరంభమైనవి. ఫిలిప్పైన్సు శాస్త్రజ్ఞులు, అమెరికా భూగర్భశాఖవారు కలిసి మే 13న గంధక వాయువును కొలువగా రోజుకు 500 టన్నులని తేలినది. మే 28 నాటికి అది 5,000 టన్నులు దాటినది. క్రొత్త శిలాద్రవం పైకి వస్తున్నదనడానికి ఇది బలమైన సాక్ష్యం.

అంతలో ఆ సంఖ్య పడిపోయినది. జూన్ 5 నాటికి 300 టన్నులకన్న తక్కువ. దీనికి రెండు అర్థాలు చెప్పవచ్చును. శిలాద్రవంలోని వాయువు తీరిపోయి కొండ శాంతించి ఉండవచ్చును. లేక దారి మూసుకొనిపోయి, వాయువు లోపలనే బిగిసి ఉండవచ్చును. మొదటిది నిజమై, ప్రజలను వృథాగా ఇండ్లు విడిపిస్తే శాస్త్రజ్ఞుల మాటను మరల ఎవ్వరూ నమ్మరు. రెండవది నిజమై, ఊరకుంటే ప్రాణాలు పోతవి. ఆ దినాలలోనే భూకంపాలు హెచ్చినవి. ఈ రెండు సాక్ష్యాలను కలిపి చదివి, వారు రెండవ అర్థమే గ్రహించినారు. జూన్ 7న, 9న హెచ్చరికలను పెంచినారు. వేలాది ప్రజలు ఇండ్లు వదలినారు. జూన్ 15న కొండ బద్దలైనది. అదే దినం తుపాను కూడా వచ్చి, తడిసిన బూడిద బరువుకు కప్పులు కూలి కొన్ని వందలమంది మరణించినారు. అయినా ముందు హెచ్చరిక కారణంగా కనీసం 5,000 ప్రాణాలు దక్కినవని అంచనా.

ఆనాడు పినటూబో చిమ్మిన గంధక వాయువును కృత్రిమ ఉపగ్రహం నుండి కొలిచినారు. ఓజోనును కొలవడానికి 1978లో పంపిన పరికరం ఈ పనికీ ఉపకరించినది. తేలిన లెక్క ఇంచుమించు 2 కోట్ల టన్నులు. ఆ వాయువు ఆకాశంలో సన్నని ఆమ్ల బిందువులై సూర్యరశ్మిని కొంత అడ్డగించగా, మరుసటి సంవత్సరం భూమి ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గినది.

దూరం నుండి కొలిచే సాధనాలు వచ్చినవి గదా, ఇక బిలంలోకి దిగే అవసరం ఏమని అనిపించవచ్చును. కాని వాయువుల పాళ్ళు సూక్ష్మంగా తెలియవలెనంటే సీసా పట్టుకొని దిగక తప్పేది కాదు. 1993 జనవరి 14న కొలంబియాలోని గలేరాస్ పర్వతం మీదికి ఒక శాస్త్ర సమావేశానికి వచ్చినవారు కొందరు ఎక్కినారు. ఆ దినం కొండ ప్రశాంతంగా కనిపించినది. వారు ఇంకా అక్కడ ఉండగానే అది ప్రేలినది. ఆరుగురు శాస్త్రజ్ఞులు, చూడవచ్చిన ముగ్గురు మరణించినారు. వారిలో రష్యాకు చెందిన మెన్యాయిలోవ్, కొలంబియాకు చెందిన గార్సియా వాయువులను సేకరించడానికే దిగినవారు. పినటూబోలో చదువగలిగిన మౌనాన్ని గలేరాస్‌లో ఎవ్వరూ చదువలేకపోయినారు.

నేడు అనేక కొండల చుట్టూ చిన్న యంత్రాలు పగలంతా ఆకాశాన్ని తమంతట తామే పరీక్షిస్తూ ఉంటవి. మనిషి పోరాని చోటికి డ్రోన్లు పోతున్నవి. బొగ్గుపులుసు వాయువు లోతునుండే ముందుగా విడివడుతుంది కనుక, గంధక వాయువుతో పోల్చినపుడు దాని పాలు హెచ్చితే క్రింద క్రొత్త శిలాద్రవం చేరుతున్నదని అనుమానిస్తారు. మన దేశంలో సజీవమైన అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపం ఒక్కటే. నూటయాభై ఏండ్లకు మించిన నిద్ర తరువాత అదీ 1991లోనే మేల్కొన్నది. అక్కడ జననివాసం లేదు. కాని జావాలో, లూజాన్‌లో, ఇటలీలో లక్షలాది ప్రజలు అగ్నిపర్వతాల పాదాల వద్దనే పంటలు పండించుకొని జీవిస్తున్నారు. వారి ఊరు ఖాళీ చేయవలెనో వద్దో నిర్ణయించే రోజున, అధికారుల ముందు ఉండే కాగితంలో ఈ టన్నుల లెక్క ఒక వరుసగా ఉంటుంది. ఆ వరుసలో సంఖ్య పెరిగినా తగ్గినా, దాని అర్థాన్ని నిర్ణయించే బాధ్యత మాత్రం ఇప్పటికీ మనుష్యులదే.