పచ్చి పులుసు

పచ్చి పులుసు తెలంగాణలో ఇంటింటా చేసుకొను పుల్లని ద్రవ వంటకము. చింతపండు రసమును పొయ్యి మీద మరిగించకుండా, పచ్చిగానే ఉల్లి, మిరప, నువ్వుల పొడి కలిపి పోపు పెట్టుట వలన దీనికి ఈ పేరు వచ్చినది. చారు, పులుసు మరిగించి చేయబడును. పచ్చి పులుసులో నిప్పు అవసరము వేయించుటకు, పోపునకు మాత్రమే. అందువలన వేసవిలోను, కూర లేని రోజున త్వరగా భోజనము సిద్ధము చేయవలసినప్పుడును దీనిని ఎక్కువగా చేయుదురు.

కావలసిన పదార్థాలు (నలుగురికి)
* చింతపండు - నిమ్మకాయంత
* నీరు - 3 గ్లాసులు (కాచి చల్లార్చినవి)
* ఉల్లిగడ్డ - 1 పెద్దది
* పచ్చిమిరపకాయలు - 4
* నువ్వులు - 2 పెద్ద చెంచాలు
* బెల్లం - చిన్న ముక్క
* ఉప్పు - తగినంత
* కొత్తిమీర - కొద్దిగా
* పోపునకు: నూనె 2 చెంచాలు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు 2, కరివేపాకు, చిటికెడు పసుపు

తయారుచేయు విధానము
# చింతపండును కడిగి, కొద్దిపాటి వేడినీటిలో అరగంట నానబెట్టవలెను. చల్లారిన తరువాత పిసికి, పిప్పి తీసివేసి, మిగిలిన నీటిని కలుపవలెను.
# నువ్వులను నూనె లేకుండా చిటపటలాడువరకు వేయించి, చల్లార్చి పొడి చేయవలెను. మాడినచో పులుసు చేదెక్కును.
# పచ్చిమిరపకాయలకు గాటు పెట్టి నిప్పుల మీదగాని పెనము మీదగాని మచ్చలు పడువరకు కాల్చవలెను.
# సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కాల్చిన మిరపకాయలు, ఉప్పు, కొత్తిమీర ఒక గిన్నెలో వేసి చేతితో గట్టిగా నలుపవలెను. ఉప్పు వలన ఉల్లి నీరు వదలి మెత్తబడును.
# దీనిలో చింతపండు రసము, బెల్లము, నువ్వుల పొడి కలుపవలెను.
# నూనె కాచి ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకు వేసి, పొయ్యి ఆపిన తరువాత పసుపు వేసి, ఆ పోపును పులుసులో కలుపవలెను. పది నిమిషములు మూతపెట్టి ఉంచిన రుచి కుదురును.

పసుపు పాత్ర
పసుపును చింతపండు నీటిలో నేరుగా కలిపినచో పచ్చివాసన పోదు. పులుసు మరుగదు గనుక ఆ వాసన పోవుటకు వేరొక అవకాశము లేదు. పసుపునకు రంగునిచ్చు కర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగును. అందుచేత దానిని వేడి పోపులోనే వేయుదురు. నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు, ఏర్గట్ల పరిసరములు పసుపు సాగునకు పేరుపొందినవి. అంతకుముందు మోర్తాడ్ మండలములో ఉన్న ఏర్గట్ల 2016లో ప్రత్యేక మండలముగా ఏర్పడినది. 2025 జనవరిలో ప్రారంభమైన జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయము నిజామాబాదులో ఉన్నది.

ప్రాంతీయ భేదాలు
తెలంగాణలో నువ్వుల పొడి సాధారణము. కొందరు వేయించిన పల్లీల పొడి వాడుదురు. పప్పు వేయరు గనుక పులుసునకు చిక్కదనమును ఈ పొడియే ఇచ్చును. ఆంధ్ర ప్రాంతములో నిప్పుల మీద కాల్చిన వంకాయను మెదిపి కలుపుట వాడుక. దానిని వంకాయ పచ్చి పులుసు అందురు. మామిడికాయలు దొరకు కాలములో చింతపండునకు బదులు ఉడికించిన లేదా కాల్చిన పచ్చిమామిడి గుజ్జు వాడుదురు. హైదరాబాదులో కిచిడి, ఖీమాలతో వడ్డించు ఖట్టా దీనికి దగ్గరి బంధువు.

పుల్లని ద్రవ వంటకములు చేయు అలవాటు ఇతర దేశములలోను కలదు. పోలండులో బీట్‌రూట్ ముక్కలను ఉప్పునీటిలో కొన్నాళ్ళు పులియబెట్టి, ఆ నీటితో బార్ష్చ్ అను ఎర్రని సూపు చేయుదురు. అక్కడ పులుపు పులియబెట్టుట వలన వచ్చును. పచ్చి పులుసులో చింతపండులోని టార్టారిక్ ఆమ్లము వలన వచ్చును.

వడ్డించు విధానము
వేడి అన్నము, ముద్దపప్పు, నెయ్యితో కలిపి తిందురు. పెసరపప్పు కిచిడితో పచ్చి పులుసు తెలంగాణలో ప్రసిద్ధమైన జోడీ. అడుగున నువ్వుల పొడి పేరుకొనును గనుక వడ్డించునప్పుడు ప్రతిసారి గరిటెతో కలుపవలెను.

జాగ్రత్తలు
* మరిగించని వంటకము గనుక నీటిలోని సూక్ష్మజీవులు చావవు. పులుపు వాటి పెరుగుదలను కొంత అడ్డగించినను పూర్తిగా నశింపజేయదు. కాచి చల్లార్చిన నీటినే వాడవలెను. వానాకాలములో ఇది మరింత ముఖ్యము.
* కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో చేయరాదు. చింతపండుతో తోమిన ఇత్తడి మెరయుటకు కారణమైన ఆమ్లమే, పులుసు నిలువ ఉన్నప్పుడు రాగిని కరిగించి అందులో చేర్చును. దాని వలన వాంతులు, కడుపునొప్పి కలుగవచ్చును. మట్టిపాత్ర, రాచిప్ప, స్టీలు, పింగాణీ అనుకూలము.
* పచ్చి ఉల్లి ఉండుటచేత ఆ పూటకు చేసినది ఆ పూటకే వాడవలెను.

ఇవి కూడా చూడండి
* చారు
* పులుసు
* చింతపండు
* పసుపు
* ఏర్గట్ల