శ్రీశైలం ఆనకట్ట భద్రత

శ్రీశైలం ఆనకట్ట కృష్ణా నదిపై, నల్లమల కొండల మధ్యనున్న లోతైన లోయలో నిర్మించబడిన జలవిద్యుత్ ఆనకట్ట. దీని కుడి గట్టు ఆంధ్రప్రదేశ్‌లోని నంద్యాల జిల్లాలోను, ఎడమ గట్టు తెలంగాణలోని నాగర్‌కర్నూల్ జిల్లాలోను ఉన్నాయి. పొడవు 512 మీటర్లు, ఎత్తు 145 మీటర్లు. నీటి ఒత్తిడిని కేవలం తన బరువుతో నిలువరించే గ్రావిటీ కట్టడమిది. వరదను వదలడానికి 12 రేడియల్ గేట్లు కలవు.

నిర్మాణము

1963 జూలై 24న అప్పటి ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసాడు. మొదట కేవలం విద్యుత్తు కోసం తలపెట్టిన ఈ ప్రాజెక్టు తరువాత సాగునీటికి, తాగునీటికి కూడా ఆధారమైనది. ఆనకట్ట 1980 దశకం తొలినాళ్ళలో పూర్తయినది. కుడి గట్టు కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్లు ఏడు, ఎడమ గట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. ఎడమవైపు యంత్రాలు వెనుకకు తిరిగి నీటిని పైకి తోడగలవు కూడా.

2009 వరద

జలాశయపు పూర్తి నీటిమట్టం 885 అడుగులు. 19 లక్షల క్యూసెక్కుల వరదను దృష్టిలో ఉంచుకొని ఆనకట్టను రూపొందించారు. 2009 అక్టోబరు మొదటివారంలో తుంగభద్ర, కృష్ణా పరీవాహక ప్రాంతాలలో కురిసిన కుండపోత వలన సుమారు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చిపడినది. వర్షాకాలం చివరి రోజులు కావటంతో అప్పటికే జలాశయం దాదాపు నిండి ఉన్నది. నీటిమట్టం 896 అడుగులు దాటినది. ఎగువన కర్నూలు నగరం మునిగిపోయినది. ఆనకట్ట మాత్రం నిలిచినది. ఇది దాని దృఢత్వానికి సాక్ష్యమే గాని, అంతటి వరద మళ్ళీ వస్తే భయం లేదని అర్థం కాదు. జలాశయాన్ని నింపి ఉంచితే విద్యుత్తుకు, పంటలకు మేలు. ఖాళీ ఉంచితే వరదకు చోటు. ప్రతి సంవత్సరం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అధికారులు ఈ రెంటి మధ్య తేల్చుకోవలసి ఉంటుంది.

ఆనకట్ట పాదం వద్ద గొయ్యి

పాఠకులు ఎక్కువగా గమనించని సమస్య ఆనకట్ట దిగువన ఉన్నది. గేట్ల నుండి జారే నీటిని ఆనకట్ట అడుగున ఉన్న వంపు పైకెత్తి దూరంగా విసురుతుంది. ఆ నీరు పడేచోట బండరాయి కోసుకుపోయి లోతైన గొయ్యి ఏర్పడినది. దీనినే ప్లంజ్ పూల్ అంటారు. దూరంగా ఉన్నంతవరకు గొయ్యి వలన ప్రమాదం లేదు. అది ఆనకట్ట వైపు పాకితే పునాది కింది రాతికి ఆధారం తగ్గుతుంది. దీనిని అడ్డుకోవడానికి ఏర్పాటు చేసిన కాంక్రీటు సిలిండర్లలో కొన్ని వరదల తాకిడికి దెబ్బతిన్నాయి. గొయ్యి నిత్యం నీటితో నిండి ఉండటం వలన లోతును సోనార్ పరికరాలతో కొలవవలసి వస్తుంది, మరమ్మతు కూడా కష్టతరం.

పూడిక

తొలుత 308 టి.ఎం.సి.లుగా ఉన్న నిల్వ సామర్థ్యం పూడిక వలన తరువాతి సర్వేలలో 263కు, ఆపై సుమారు 215 టి.ఎం.సి.లకు తగ్గినది.

విద్యుత్ కేంద్రంలో ప్రమాదం

2020 ఆగస్టు 20 రాత్రి ఎడమ గట్టు భూగర్భ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిదిమంది మరణించారు. ఆనకట్ట కట్టడానికి దీనితో సంబంధం లేదు. అయితే పొగ త్వరగా బయటకు పోలేని భూగర్భ కేంద్రాలలో ఇటువంటి ప్రమాదం ఎంత తీవ్రమైనదో దీనివలన తెలిసినది.

పర్యవేక్షణ

2021లో పార్లమెంటు ఆమోదించిన ఆనకట్టల భద్రతా చట్టం ప్రకారం పెద్ద ఆనకట్టలను వర్షాకాలానికి ముందు, తరువాత తనిఖీ చేయాలి. శ్రీశైలానికి దిగువన నాగార్జునసాగర్, ఆ తరువాత ప్రకాశం బ్యారేజి, కృష్ణా డెల్టా ఉన్నాయి.