దవాఖానలో మన మాట

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాక నిజాం ప్రభుత్వం మన గోండు గూడేల వైపు తిరిగి చూసింది. మన బతుకులు అధ్యయనం చేయమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. అప్పట్లో సర్కారు కాగితం ఉర్దూలో ఉండేది, మన గోడు గోండిలో ఉండేది. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. మన మాటలో చదువు చెప్పేవాళ్లు మనలోంచే తయారయ్యారు.

బడికి దొరికిన ఆ దారి దవాఖానకు దొరకలేదు. 1946లో భోర్ కమిటీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కావాలంది. 1952 నుంచి దేశంలో అవి వెలిశాయి, మెల్లగా మన ఏజెన్సీకీ వచ్చాయి. డాక్టరుకు, నర్సుకు, మందులకు లెక్క రాశారు కానీ దుబాసీకి రాయలేదు. 1956లో చేరిన రాజ్యాంగ 350ఎ అధికరణం ప్రాథమిక విద్యలో మాతృభాషకు చోటు ఇమ్మంది. రోగి మాతృభాషకు అలాంటి అధికరణం లేదు.

మరి ఆ పని ఎవరి మీద పడింది? తెలుగు వచ్చిన మగవాళ్ల మీద, బడికి పోయే పిల్లల మీద పడింది. తెల్లబట్ట జబ్బు గురించి తల్లి కొడుకు ముందు ఎలా చెబుతుంది? కడుపునొప్పి అని ఊరుకుంటుంది. డాక్టరు కడుపునొప్పికే మందు రాస్తాడు. గోండిలో ‘ఏర్’ అంటే నీళ్లు, తెలుగు చెవికి అది ఏరుగా వినిపిస్తుంది. ‘రోజుకు రెండు’ అన్న మాట గూడెం చేరేసరికి ‘రెండు రోజులకొకటి’ కావచ్చు. టీబీ మందు ఆరు నెలలు ఎందుకు ఆపకూడదో అర్థం కాకపోతే, దగ్గు తగ్గగానే రోగి మానేస్తాడు. తప్పు రోగిదే అంటారు.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు వచ్చారు. ఆశా ఆ ఊరి మనిషే కావాలన్న నియమం మనకు మేలు చేసింది. మన గూడేల్లో నిజమైన దుబాసీ ఆమే. అయితే అన్ని వేళలా ఆమె రోగి వెంట ఉండలేదు. దుబాసీ పనిని పనిగా గుర్తించి, శిక్షణ, జీతం ఇవ్వాలని మనం అడగాలి.

అడుగుతూనే మనం చేయగలిగిందీ ఉంది. ఒళ్లు, నొప్పి, కాన్పు, జ్వరాలకు మన పెద్దవాళ్లు వాడే గోండి, కోలామి, కోయ మాటలను యువత రాసిపెట్టాలి. ఉపాధ్యాయులు వాటిని తెలుగు అర్థాలతో సరిచూసి దగ్గరి ఆరోగ్య కేంద్రానికి ఇవ్వాలి. మార్లవాయిలో మన మాట బడిలోకి వాచకంతో వెళ్లింది. దవాఖానలోకి ఈ పట్టికతో వెళ్లనిద్దాం.