ఒక చుక్క, మూడు జవాబులు: గుంటల లెక్క నేర్పే డేటాబేస్ చరిత్ర

నాది హాలియా. ఈరోజు చరిత్ర ఎపిసోడ్ డేటాబేస్ గురించి. కానీ ముచ్చట పొలం గట్టు మీది నుంచే మొదలుపెడతా.

మన నల్గొండ దిక్కు భూమిని ఎకరాలు, గుంటల్లో చెప్తాం. గుంట అంటే 121 చదరపు గజాలు. 40 గుంటలైతే ఒక ఎకరం. 2 ఎకరాల 30 గుంటల్ని చాలామంది 2.30 అని రాస్తారు. తిరకాసు అక్కడే ఉంది. కోస్తాలో ఎకరానికి 100 సెంట్లు కాబట్టి ఆ చుక్కతో నడుస్తుంది. మన గుంటలకు నడవదు.

ఎడమ కాల్వ కింద ఒక రైతుకు రెండు బిట్లు ఉన్నాయనుకుందాం: 2.30, 1.20. మామూలుగా కూడితే 3.50. నిజానికి 110 గుంటలు, 60 గుంటలు కలిపి 170. అంటే 4 ఎకరాల 10 గుంటలు. 2018 మే 10న రైతుబంధు మొదలైనప్పుడు సీజన్‌కు ఎకరానికి 4,000 రూపాయలు, అంటే గుంటకు 100. సరైన లెక్కకు 17,000 రావాలి. 3.50 ఎకరాలనుకుంటే 14,000 వస్తాయి. ఒక్క చుక్క 3,000 మింగేస్తుంది!

అందుకే లోపల గుంటలు దాచి, బయటికి ఎకరాలు, గుంటలు, డబ్బు చూపించాలి. ఒక ప్రశ్నకు మూడు జవాబులు. ఇక చరిత్రలోకి పోదాం.

1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్, డేటా అంతా పట్టికల్లో పెట్టొచ్చని రాశాడు. 1974లో ఛాంబర్లిన్, బాయిస్ 'సీక్వెల్' భాషను బయటపెట్టారు. అదే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. పట్టికకు చాలా కాలమ్‌లు ఉండొచ్చు. కానీ క్వెరీలో వాడే మామూలు ఫంక్షన్ ఒక్క విలువే ఇస్తుంది. అట్లైతే మూడు జవాబులకు మూడు ఫంక్షన్లు రాయాలి. లెక్క మారినప్పుడు ఒకదాంట్లో దిద్దడం మరిస్తే, భూమి ఒకటి చెప్తుంది, డబ్బు ఇంకోటి చెప్తుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000లో పట్టికనే తిరిగిచ్చే ఫంక్షన్లు వచ్చాయి. 2005 వెర్షన్‌లో వచ్చిన 'క్రాస్ అప్లై'తో వాటిని ప్రతి వరుసకూ నడపొచ్చు. అదే ఏడాది పోస్ట్‌గ్రెస్ 8.1లో 'ఔట్' పారామీటర్లు, 2009లో 8.4తో 'రిటర్న్స్ టేబుల్', 2013లో 9.3తో 'లేటరల్' వచ్చాయి.

ఇప్పుడు ఫంక్షన్‌కు 170 ఇవ్వండి. 40తో భాగిస్తే 4 ఎకరాలు, శేషం 10 గుంటలు. 100తో గుణిస్తే 17,000. మూడూ ఒకే వరుసలో, మూడు కాలమ్‌లుగా వస్తాయి. ఒకే 170 నుంచి పుట్టాయి కాబట్టి వాటి మధ్య తగువుండదు. ఒక చిట్కా: పోస్ట్‌గ్రెస్‌లో ఫంక్షన్‌ను సెలెక్ట్‌లోనే పెట్టి, చుక్క-నక్షత్రంతో విడదీస్తే కాలమ్‌కోసారి నడుస్తుంది. ఫ్రమ్‌లో లేటరల్‌తో పిలిస్తే వరుసకు ఒక్కసారే.

2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారినా ఎకరానికి గుంటలు 40యే. ఈసారి ఫోన్‌లో మీ ఇంటి భూమి వివరాలు తెరిస్తే, నాయనను పక్కన కూర్చోబెట్టుకొని గుంటలు కూడండి. 40 దాటినవి ఎకరాల్లోకి పోయాయా లేదా చూడండి. మళ్లీ కలుద్దాం.