కడితము, కాగితము

పిల్లవాని పుస్తకమునిండ వ్రాత యున్నది గాని, అడిగిన నొక్క మాటయు రాదని తండ్రులు వాపోవుట మీరును వినియుందురు. పాఠము చెప్పుచుండగా వ్రాసికొనుటవలన చదువు వచ్చునా? మన వీథిబడుల చరిత్రలో దీనికి కొంత సమాధానము కలదు.

1822లో చెన్నపట్టణపు గవర్నరు తామస్ మన్రో బడుల లెక్క తెలుపుడని కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823 ఆగస్టున బదులు వ్రాసెను. నేటి అనంతపురసీమ అప్పుడు ఆ జిల్లాలోనిదే. అందు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. బిడ్డ మొదట ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దును. పిదప బొగ్గుపొడి పూసిన పలకమీదను, గంజిపెట్టి మడిచి బొగ్గు, జిగురు పట్టించిన గుడ్డకడితము మీదను బలపముతో వ్రాయును. తడిగుడ్డతో తుడిచిన నంతయు మాయము! కావున నాటి వ్రాత దాచుకొనుటకు గాదు, మనసునకు పట్టించుటకే యని నాకు తోచుచున్నది.

అట్లని ఆ పద్ధతిని ఊరక పొగడరాదు. పద్యములు ధారాళముగా నప్పగించు బాలురకు వాని యర్థము తెలియదనుచు క్యాంబెల్ వారిని చిలుకతో పోల్చెను. (నేనును కొంతకాల మట్టి చిలుకనే.)

2014లో అమెరికాలో మ్యూలర్, ఒపెన్‌హైమర్ అను పరిశోధకులు ఒక పరీక్ష ప్రకటించిరి. కంప్యూటరుపై వ్రాసికొన్నవారు ఉపన్యాసమును మాటకు మాట దించుకొనిరి. భావము నడిగినప్పుడు చేతివ్రాతవారికంటె వెనుకబడిరి. తరువాత నితరులు పరీక్షింపగా ఆ భేద మంత స్పష్టముగా కానరాలేదు. సాధనముకంటె, విన్నదానిని తన మాటలలోనికి మార్చుకొనుటయే ముఖ్యమని నా యూహ.

నా కళాశాలపుస్తకములు రెండింకను పెట్టెలో నున్నవి. గురువుగారు పలికిన వాక్యములన్నియు నందున్నవి. నాకు జ్ఞాపకమున్నవి మాత్రము, అంచున నా మాటలలో వ్రాసికొన్న నాలుగైదు ముక్కలే.