నీలిపెట్టె నుంచి నక్షత్ర యుద్ధాల దాకా

పోయిన శీతాకాలం సెలవుల్లో మా అబ్బాయి ఒక కొత్త వీడియో గేమ్ తెచ్చుకున్నాడు. అంతరిక్షంలో ఓడ నడుపుతూ శత్రువులతో పోరాడే ఆట. మొదలుపెట్టగానే "పైలట్ శిక్షణ తీసుకుంటావా?" అని అడిగింది. వాడు చూడకుండానే దాటేశాడు. మూడు నిమిషాలు తిరక్కుండా తన సొంత స్టేషన్ గోడకే ఓడని గుద్దేశాడు. మళ్ళీ ఆడాడు, మళ్ళీ గుద్దాడు. నాలుగోసారికి "ఈ ఆటేం బాలేదు నాన్నా" అని తేల్చేశాడు.

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని మా అమ్మమ్మ అంటుండేది. ఆ మాట పైకి అనలేదు గానీ, ఈ "శిక్షణ" అనే మెట్టు ఆటల్లోకి ఎక్కణ్ణుంచి వచ్చిందో వాడికి చెబుదామని కూచున్నాను. చెప్పబోతే అది ఆటలకంటే చాలా పాత కథ.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో బింగమ్టన్ అనే ఊరు. అక్కడ ఎడ్విన్ లింక్ అనే కుర్రాడి తండ్రికి పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. కుర్రాడికేమో విమానాల పిచ్చి. గాల్లో పాఠాలంటే బోలెడు ఖర్చు. అందుకని నేల మీదే విమానం నడపడం నేర్పే యంత్రం ఒకటి చెయ్యాలనుకున్నాడు. చేతిలో ఉన్న సరంజామా ఆర్గన్లది. మన హార్మోనియం పెట్టెలో ఉండేలాంటి తిత్తులు, గాలి పంపులు పెట్టి, పొట్టి రెక్కల బొమ్మ విమానం లాంటి పెట్టె తయారుచేశాడు. లోపల కూర్చుని కర్ర అటూ ఇటూ తిప్పితే పెట్టె కూడా అటూ ఇటూ ఒరుగుతుంది. ఇది 1929 నాటి మాట. దాన్ని ముందుగా కొన్నది విమాన పాఠశాలలు కాదు, వినోదాల పార్కులు. అంటే ప్రపంచానికి విమానం నేర్పిన యంత్రం మొదట డబ్బులిచ్చి ఆడుకునే ఆటగానే బతికింది.

1934 ఫిబ్రవరిలో పరిస్థితి మారిపోయింది. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ప్రైవేటు విమాన కంపెనీల టపా కాంట్రాక్టులు రద్దుచేసి, ఆ పని సైన్యానికి అప్పజెప్పాడు. సైన్యం పైలట్లలో చాలామందికి పగటిపూట, వెలుగులో ఎగరడమే అలవాటు. రాత్రుళ్ళు, మంచులో, మబ్బుల్లో ఎగరాల్సి వచ్చేసరికి కొద్ది వారాల్లోనే పదిమందికి పైగా చనిపోయారు.

ఎందుకలా జరిగింది? మబ్బులో క్షితిజం కనపడదు. ఏది పైనో ఏది కిందో చెప్పాల్సిన చెవి లోపలి భాగం అబద్ధం చెబుతుంది. విమానం ఒరిగి సుడి తిరుగుతూ కిందికి దిగుతున్నా, లోపలివాడికి తిన్నగా పోతున్నట్టే ఉంటుంది. ఆ స్థితిలో ఒళ్ళు చెప్పేది వినకూడదు, ఎదురుగా ఉన్న ముళ్ళు చూపేది నమ్మాలి. అది మాటలతో వచ్చే విద్య కాదు, అలవాటు చేసుకోవాల్సిందే. లింక్ తన పెట్టెకి మూత వేసి, లోపల చీకటిచేసి, ముళ్ళని మాత్రమే చూస్తూ నడపడం నేర్పేవాడు. అందులో కూలిపోతే మూత తీసుకుని బయటికి రావచ్చు. ఆ ఏడే సైన్యం ఒక్కోటి 3,500 డాలర్ల చొప్పున ఆరు పెట్టెలు కొంది. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షలమంది పైలట్లు వాటిలోనే తొలి పాఠాలు నేర్చుకున్నారు. నీలిరంగు వేసి ఉండేవి కాబట్టి వాళ్ళు దాన్ని "నీలిపెట్టె" అని పిలుచుకునేవారు.

ఇక ఆటల సంగతి. 1962లో ఎంఐటీలో స్టీవ్ రసెల్, ఆయన మిత్రులు పీడీపీ-1 కంప్యూటర్ మీద "స్పేస్‌వార్" రాశారు. తెర మధ్యలో ఒక నక్షత్రం, చుట్టూ రెండు ఓడలు. నక్షత్రం ఓడల్ని తనవైపు లాగుతూ ఉంటుంది. పాఠం చెప్పేవాళ్ళెవరూ లేరు. పక్కన నిలబడి చూసినవాడికే విద్య అబ్బుతుంది, మన ఊళ్ళలో గోళీలాట నేర్చుకున్నట్టు.

ఆట ఇంట్లోకి వచ్చేసరికి పక్కన గురువు లేడు. అప్పుడు ఆటే గురువు కావాల్సి వచ్చింది. 1979లో డగ్ న్యూబాయర్ అటారీ కంప్యూటర్ల కోసం "స్టార్ రైడర్స్" చేశాడు. అందులో కొత్తవాడి స్థాయిలో దూర ప్రయాణాలప్పుడు ఓడ తనంతట తనే దారి పట్టుకుంటుంది. పై స్థాయిలకి వెళ్తే గురి తప్పకుండా మనమే పట్టుకోవాలి. ఆట అయిపోయాక మన ఆటతీరును బట్టి ఒక హోదా ఇస్తుంది. మరీ ఘోరంగా ఆడితే చెత్త మోసే పడవకి కెప్టెన్ అంటుంది!

1984లో ఇంగ్లండు కుర్రాళ్ళు డేవిడ్ బ్రేబెన్, ఇయన్ బెల్ "ఎలీట్" తెచ్చారు. దానితో వచ్చిన పుస్తకం పేరే అంతరిక్ష వ్యాపారి విమాన శిక్షణ పుస్తకం. వంద క్రెడిట్లతో మొదలవుతాం. యుద్ధం సంగతి తర్వాత, ముందు గిర్రున తిరిగే స్టేషన్ లోపలికి ఓడని దూర్చడమే గండం. స్టేషన్ ఎంత వేగంతో తిరుగుతుందో మన ఓడా అంతే తిరగాలి, సన్నటి ద్వారానికి ఎదురుగా రావాలి, మెల్లగా పోవాలి. ఏ ఒక్కటి తప్పినా పేలిపోతుంది. మా వాడు గుద్దింది సరిగ్గా ఇలాంటి గోడకే. తెర కింద గుడ్డు ఆకారంలో రాడార్ ఉంటుంది. కొత్తవాళ్ళు కిటికీలోంచి శత్రువుని వెతుకుతారు, తెలిసినవాళ్ళు రాడార్ చూస్తారు. నీలిపెట్టె నేర్పిన పాఠమే మళ్ళీ ఇక్కడ.

అప్పటికి ఆటలు, సైన్యం ఇచ్చిపుచ్చుకోవడాలు మొదలయ్యాయి. అటారీ వాళ్ళ "బ్యాటిల్‌జోన్" ట్యాంకుల ఆటని సైనికుల శిక్షణకి తగ్గట్టు మార్చమని అమెరికా సైన్యం కోరింది. ఆ పని ఆట రాసిన ఎడ్ రోట్‌బర్గ్‌కి ఇష్టం లేదు, అయినా చేసిపెట్టాడు. ఆ యంత్రానికి చేసిన చేతిపిడే తర్వాత 1983లో "స్టార్ వార్స్" ఆర్కేడ్ ఆటకి వచ్చింది. సైన్యానికి చేసిన పిడి పట్టుకుని పిల్లలు అంతరిక్ష యుద్ధాలు చేశారు.

1990లో క్రిస్ రాబర్ట్స్ "వింగ్ కమాండర్" శిక్షణనే కథలో కలిపేసింది. ఆట మొదలవడమే యుద్ధనౌకలోని శిక్షణ యంత్రం ముందు. అందులో ఎన్నిసార్లు చచ్చినా ఏమీ కాదు. అదే గదిలో మిగతా పైలట్లు కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. అదే నిజం పోరాటంలో చనిపోతే, తుపాకుల వందనంతో మన శవపేటికని అంతరిక్షంలోకి వదులుతారు. మన పక్కన ఎగిరిన స్నేహితుడు పోతే మళ్ళీ రాడు. శిక్షణకీ యుద్ధానికీ తేడా ఏమిటో అంత సూటిగా చెప్పిన ఆట అంతకుముందు నేను చూడలేదు.

1993లో "ఎక్స్-వింగ్" చేసిన లారెన్స్ హాలండ్ అప్పటికే రెండో ప్రపంచ యుద్ధ విమానాల మీద మూడు ఆటలు చేసినవాడు. కొత్త పైలట్‌కి ఇందులో ఒక పరీక్షా మైదానం పెట్టాడు. గడియారం తరుముతుంటే వరసగా ద్వారాలు దాటుకుంటూ పోవాలి. ఇంజన్‌కీ లేజర్లకీ షీల్డులకీ శక్తి పంచుకోవడం కూడా నేర్చుకోవాలి. తుపాకులకి ఎక్కువిస్తే వేగం తగ్గుతుంది. ఇంటి ఖర్చుల లెక్కలాంటిదే ఇదీ.

ఇక్కడో తమాషా ఉంది. అంతరిక్షంలో గాలి లేదు, కాబట్టి ఓడ విమానంలా ఒరిగి తిరగాల్సిన పని లేదు. అయినా చాలా ఆటల్లో అలాగే తిరుగుతుంది. జార్జ్ లూకస్ తన సినిమాలోని పోరాటాలకి పాత యుద్ధ విమానాల చిత్రాలనే నమూనాగా పెట్టుకున్నాడు. ఆటలు ఆ సినిమాని చూసి నేర్చుకున్నాయి. 1993లోనే బ్రేబెన్ "ఫ్రాంటియర్"లో న్యూటన్ సూత్రాల ప్రకారం ఓడల్ని నడిపిస్తే, ఆపడమెలాగో తెలియక చాలామంది తల పట్టుకున్నారు. మనం ఆటల్లో నేర్చుకునేది అంతరిక్షయానం కాదు, 1940ల నాటి ఆకాశం.

ఇదంతా చెప్పాక మా వాడు అడిగింది ఒక్కటే: "ఆ టపా పైలట్లకి పెట్టె ముందే ఇచ్చుంటే బతికేవాళ్ళా?" కొందరైనా బతికేవాళ్ళేమో అన్నాను. పెట్టె అప్పటికి అయిదేళ్ళుగా ఉంది, పార్కుల్లో పిల్లలు ఎక్కి దిగుతూనే ఉన్నారు. పెద్దవాళ్ళకే అది బొమ్మలా కనిపించింది.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆట మళ్ళీ తెరిచి, ఈసారి శిక్షణకి "సరే" నొక్కాడు. స్టేషన్‌లోకి ఓడని దింపడానికి ఆ రాత్రి పదకొండుసార్లు చచ్చాడు. పన్నెండోసారి దిగాక నన్ను నిద్రలేపి మరీ చూపించాడు.