ఆరామం అంటే తోట

బౌద్ధ సంఘం నివసించే చోటుకు పాలీలో ఉన్న మాట ఆరామం. దాని అసలు అర్థం తోట. ధ్యానానికి నీడనిచ్చిన ఆ తోటలను దానం చేసినవాళ్ల పేర్లు మనకు తెలుసు. జేతవనాన్ని ఇచ్చిన అనాథపిండికుడు, తన మామిడితోటను ఇచ్చిన వైశాలి గణిక ఆమ్రపాలి. ఆ తోటల్లో పనిచేసినవాళ్లకూ ఒక మాట ఉంది, ఆరామికులు. బింబిసారుడు పిలిందవచ్ఛుడనే భిక్షువుకు ఐదువందల మంది ఆరామికులను ఇచ్చాడనీ, వాళ్లకోసం ఒక ఊరే వెలిసిందనీ వినయపిటకం చెబుతుంది. సంఖ్య ఉంది, పేర్లు లేవు. ఆ కథలోనే ఒక చిన్నపిల్ల కనిపిస్తుంది. పండగనాడు తోటి పిల్లలంతా అలంకరించుకుంటే తనకు పూలదండ లేదని ఏడుస్తుంది. ఆమె ఆరామికుల ఇంటి బిడ్డ. ఉమ్మడి సంకల్పంతో నడిచే ఆశ్రమాల చరిత్ర రాయాలంటే ఆ పిల్ల ఏడుపు దగ్గర మొదలుపెట్టాలి.

సంఘ జీవితాన్ని రుతువులు నడిపాయి. వానాకాలంలో భిక్షువులు తిరుగుతుంటే పచ్చని మొలకలు కాళ్లకింద నలిగిపోతున్నాయని జనం నిందించడంతో, మూడు నెలలు ఒకేచోట ఉండే వర్షావాసం ఏర్పడింది. అది ముగిశాక పవారణ. తనలో చూసిన, విన్న, అనుమానించిన తప్పులేవైనా ఉంటే చెప్పమని ప్రతి ఒక్కరూ సంఘాన్ని కోరాలి. ఎంత ప్రజాస్వామికమైన ఆచారం! కానీ అష్ట గురుధర్మాలు చూడండి. భిక్షువు లేని చోట భిక్షుణి వర్షావాసం చెయ్యకూడదు. పవారణలో భిక్షువు తన సంఘం ముందు నిలబడితే చాలు, భిక్షుణి రెండు సంఘాల ముందూ నిలబడాలి. ఈ నియమాలు బుద్ధుడు పెట్టినవేనా, తర్వాత చేరినవా అన్న వాదం పండితుల్లో ఉంది. ఎవరు పెట్టినా, ఉమ్మడి సంకల్పంలో స్త్రీకి సమాన స్థానం దక్కలేదన్నది స్పష్టం.

ఈ ప్రశ్నలతో మదనపల్లెకు రావడానికి కారణం రిషివ్యాలీ. అది బౌద్ధారామం కాదు. కానీ తోటనూ, మౌనాన్నీ, కలిసి బతకడాన్నీ ఒకచోట చేర్చిన ప్రయత్నంగా దానికి దగ్గరగా వస్తుంది. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో సంజీవమ్మ ఎనిమిదో సంతానంగా పుట్టారు. 1905లో ఆమె చనిపోయింది. 1909లో అడయారులో దివ్యజ్ఞాన సమాజం వాళ్లు ఆ పిల్లవాడిని జగద్గురువుగా పెంచడానికి చేరదీశారు. 1929లో ఆయనే తన కోసం ఏర్పడిన 'ఆర్డర్ ఆఫ్ ది స్టార్'ను రద్దు చేశారు. రిషివ్యాలీ విద్యాకేంద్రం తన ఆరంభాన్ని 1926 నుంచి లెక్కించుకుంటుంది. తర్వాతి కాలంలో దానికి డైరెక్టరైన రాధికా హెర్జ్‌బెర్గర్, భర్తృహరి మీదా బౌద్ధ తార్కికుల మీదా 1986లో పుస్తకం వెలువరించిన సంస్కృత పండితురాలు. గురువూ వద్దు, దీక్షా వద్దు అన్న ఆ చోట కూడా ఒక ఉమ్మడి ఆచారం నిలిచింది. దాని పేరు అస్తాచల్. పొద్దుగూకే వేళ పిల్లలంతా సూర్యాస్తమయాన్ని చూస్తూ మౌనంగా కూర్చుంటారు.

కృష్ణమూర్తి భారతదేశానికి సాధారణంగా చలికాలంలోనే వచ్చేవారు. రిషివ్యాలీకి ఆయన చివరి రాక 1985 చివర్లో. అంటే ఆయన ఎక్కువగా చూసిన లోయ నైరుతి, ఈశాన్య వానలు రెండూ పడ్డాక కనిపించే లోయ. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో కూలిపని చేసే ఆడవాళ్ల పంచాంగం వేరు. వానాకాలంలో చెనక్కాయ చేలల్లో కలుపు. ఆశ్వయుజంలో కొండవాలున సీతాఫలాలు ఏరి గంపలకెత్తడం. మాఘ ఫాల్గుణాల్లో చింతకాయలు కొట్టి గింజ తీయడం. ఎండాకాలంలో బోరునీళ్ల కింద టమోటా కోతలు. ఏడాది పొడుగునా నీళ్లు, కట్టెలు. ప్రవచన సంపుటాల్లో ఈ పంచాంగానికి చోటు లేదు.

రిషివ్యాలీ చెట్లు నాటింది, వాననీటిని నిలిపింది. 1991లో అది పక్షుల సంరక్షణ ప్రాంతమైంది. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ కూడా తన 172 ఎకరాల బోడినేల మీద పచ్చదనం తెచ్చింది. ఇవి చిన్న పనులు కావు. అయితే ఎక్కడైనా బోడికొండ మీద అడవి లేవాలంటే మేత ఆగాలి, కట్టెలు కొట్టడం ఆగాలి. మన పల్లెల్లో కట్టెలమోపు మోసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఆ మోపు కోసం వాళ్లు ఇంకెంత దూరం నడవాల్సి వచ్చిందన్న లెక్కను, తిరిగివచ్చిన పక్షుల లెక్క పక్కనే రాయాలి.

మదనపల్లెలో ఇంకో రకం ఉమ్మడి సంకల్పం కూడా పుట్టింది. ఐర్లండులో స్త్రీల ఓటుహక్కు కోసం జైలుకెళ్లిన మార్గరెట్ కజిన్స్ 1915లో భారతదేశానికి వచ్చి, భర్త జేమ్స్ పనిచేసిన దివ్యజ్ఞాన కళాశాల ఉన్న ఈ ఊళ్లో కాపురముంది. స్థానిక స్త్రీలను కూడగట్టి అబలా అభివర్ధినీ సమాజం నడిపింది. పేరులో అబల ఉన్నా, చేసిన పని అబలలది కాదు. 1917 మే నెలలో అడయారులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ ఏర్పడింది. అదే ఏడాది డిసెంబరు 18న సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీల బృందం మాంటేగును కలిసి ఓటుహక్కు అడిగింది. 1921లో మద్రాసు శాసనసభ స్త్రీల ఓటుకు అడ్డు తొలగించింది. 1919లో ఠాగూరు వచ్చినప్పుడు జనగణమనకు స్వరలిపి రాసిన విదేశీ వనితగా మార్గరెట్‌ను ఈ ఊరు గుర్తుపెట్టుకుంది. ఆమె ఎదురుగా ఆ సమాజంలో కూర్చున్న మదనపల్లె ఆడవాళ్లు ఎవరు? ఇక్కడ పేర్లే కాదు, ఆరామికులకు దక్కిన సంఖ్య కూడా చరిత్రలో నిలవలేదు.

రిషివ్యాలీకి దగ్గర్లోని కొండను పటాలు హార్స్‌లీ హిల్స్ అంటాయి. అది పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ ఇల్లు కట్టుకున్న కడప కలెక్టరు పేరు. జనం నోట అది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన పిల్ల మల్లమ్మ. కాగితం మరిచిన స్త్రీని నోటిమాట దాచుకోగలదనడానికి ఆ పేరే సాక్ష్యం. కాబట్టి ఇలాంటి చోట్ల చరిత్రను వ్యవస్థాపకుల ఉత్తరాల్లో వెతికితే సరిపోదు. కూలి పట్టీల్లో, వంటశాలల్లో, నీళ్లు పోసిన వాళ్ల జ్ఞాపకాల్లో వెతకాలి.

పవారణలో స్త్రీలు రెండు సంఘాల ముందు నిలబడ్డారు. ఇప్పుడు ఆ వరస తిరగాలి. మౌనాన్ని కోరుకునే ప్రతి సమూహమూ తన తోటలో పనిచేసే ఆడవాళ్ల ముందు నిలబడి అడగాలి. మాలో మీరు చూసిన తప్పేమిటి?